పెద్ద తుపాకి, తక్కువ మందు

ముందే చెప్తున్నా, ఇక్కడ మందు అంటే ఆ మందు కాదు. శీర్షిక చూసి వీకెండ్ కబుర్లనుకుని వచ్చినవాళ్ళు నన్ను క్షమించి వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఇది తుపాకి మందు గురించి.

టెక్సస్‌కొచ్చి పదేళ్ళు దాటింది. గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక ఒక 44 మ్యాగ్నమ్ రివాల్వర్ కొన్నాను. దానికి తూటాలు నేనే తయారు చేసుకుంటాను. కాల్చేసిన ఇత్తడి కేసుల్ని ఏరుకొచ్చి, పాత ప్రైమర్ ఊడగొట్టి, కేసుని మళ్ళీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు కూర్చోబెట్టి, అంచుని గట్టిగా లోపలికి మడవాలి. ఆ మడత సరిగ్గా లేకపోతే ఒక తూటా పేలిన కుదుపుకి పక్క తూటాల్లోని గుళ్ళు ముందుకి జారి, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుపోతుంది. కొట్లో ఒక్కో తూటా డాలరుకి పైమాటే కాబట్టి డబ్బు మిగులుతుందని మా ఆవిడకి చెప్పాను. ఏమీ మిగల్లేదు. రెండింతలు కాల్చానంతే.

ఈ పని చేసేవాళ్ళకి ఒక జబ్బుంటుంది. మందు తయారు చేసేవాళ్ళు ప్రతి గుండుకీ ఎంత నుంచి ఎంత వరకు పోయొచ్చో పట్టిక ఇస్తారు. అందరి కళ్ళూ ఆ పట్టికలో చివరి అంకె మీదే. ఇంత పెద్ద తుపాకి కొన్నది మెల్లగా కాల్చడానికా అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు నా అభిప్రాయం వేరు. నాలాంటి మామూలు చేతివాటం వాడికి గురి దొరికేది ఆ చివరి అంకెకి చాలా కింద. అది దొరికేదాకా జంతువు మీద తుపాకి ఎత్తే హక్కు నాకు లేదు.

ఎందుకంటున్నానో చెప్తా. మాకు రెండు గంటల దూరంలో ఒక ముసలాయనకి పొలం ఉంది. ఇక్కడి పల్లెల్లో అడవిపందుల బెడద ఎక్కువ. ఒక్క రాత్రిలో మడి మొత్తం ట్రాక్టరు తోలినట్టు తిరగేస్తాయి. అనంతపురం జిల్లాలో మా నాన్న వేరుశనగ చేలో మంచె మీద, డబ్బా వాయించుకుంటూ వాటికి కావలి కాసిన రాత్రులు నాకు గుర్తే. కాబట్టి పందుల మీద నాకు జాలేమీ లేదనుకున్నాను. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా, యాభై గజాల దూరంలో ఉన్న పందిని, నిండుగా మందు దట్టించిన నా తూటాతో కొట్టాను. తగిలింది. అది అరిచిన అరుపు పంది అరుపులా లేదు. లేచి మెస్కీట్ తుప్పల్లోకి పోయింది. నేనూ ముసలాయనా టార్చిలైట్లు పట్టుకుని రెండు గంటలు వెతికాం. కొంత దూరం నెత్తురు చుక్కలు కనబడ్డాయి, తర్వాత అవీ లేవు.

ఆయన నన్నేమీ అనలేదు. ట్రక్కు ఎక్కేముందు మాత్రం, "పదికి పది పళ్ళెంలో పడేట్టు ఎంత దూరం నుంచి కొట్టగలవు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. సెకనుకి 1350 అడుగుల వేగమని చెప్పగలను, ఎన్ని గ్రెయిన్ల గుండో చెప్పగలను. ఆయన అడిగింది అది కాదు.

తర్వాతి శనివారం రేంజిలో బల్ల మీద ఇసుక సంచులు పెట్టి, యాభై గజాల నుంచి అవే తూటాలు పది కాల్చాను. ఏడంగుళాల మేర చెదిరాయి. పందికి ప్రాణం ఉండే చోటు అంత కూడా ఉండదు. అంటే ఆ రోజు నేను కొట్టింది గురి చూసి కాదు, లాటరీ వేసి.

ఇక్కడ నాలోని ఇంజినీరు నిద్ర లేచాడు. లేచి చేసిన మొదటి పని తప్పు పని. మందు కొంచెం కొంచెంగా మారుస్తూ ఒక్కో కొలతకి మూడేసి తూటాలు కాల్చి, ఒకచోట మూడు చిల్లులూ కలిసిపోతే "దొరికింది" అని ఇంటికొచ్చేశాను. వారం తర్వాత అదే కొలతతో పది కాలిస్తే ఆరంగుళాలు! మూడు తూటాలకి తెలిసేది ఏమీ లేదు. ఒకసారి రన్ చేసి పాసయిందని కోడ్ ప్రొడక్షన్‌కి పంపే కుర్రాణ్ణి ఆఫీసులో నేనే తిడతాను, రేంజిలో నేనే ఆ కుర్రాణ్ణి. అప్పట్నుంచి ఒకసారి ఒక్కటే మార్చడం, ప్రతి దానికీ పది కాల్చడం. విసుగు పుట్టే పనే. చలికాలమంతా పట్టింది.

కొలత గురించి ఒక ముచ్చట. ఇక్కడ మందుని గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ ఎత్తులో సగం అనుకోవచ్చు. నేను తూచేది అందులో పదో వంతు తేడాతో. గురి కోసం గురిగింజలో ఇరవయ్యో వంతు తూచుకోవడం నాకు భలే నచ్చింది. అయితే నిజం చెప్పాలంటే, ఆ పదో వంతు తేడా నా కాగితం మీద ఎప్పుడూ కనబడలేదు. కనబడ్డవి వేరే ఉన్నాయి.

మొదటిది నేనే. రేంజిలో పక్కనున్నాయన నా చేత ఒక పరీక్ష చేయించాడు. ఆయన నాకు కనబడకుండా తూటాల మధ్య రెండు ఖాళీ కేసులు పెట్టి ఇచ్చాడు. ఖాళీ కేసు వచ్చినప్పుడు క్లిక్కుమని శబ్దం, దాంతోపాటు నా తుపాకి మూతి రెండంగుళాలు కిందికి! పేలుడికి భయపడి ముందే చెయ్యి తొక్కేస్తున్నాను. ఏ మందు మార్చినా దీన్ని సరిచెయ్యలేదు, మందు తగ్గిస్తే తప్ప.

రెండోది సిలిండర్. రివాల్వర్ అంటే ఒక గొట్టానికి ఆరు గదులు, అవి ఆరూ ఒకటే అని నేననుకున్నాను. గదులకి మార్కర్‌తో నంబర్లేసి, ఏ గది గుండు ఎక్కడ పడిందో విడిగా రాసుకుంటే, ఐదు గదులవి ఒకచోట, ఆరో గదిది ప్రతిసారీ కుడి పక్కన విడిగా. 0.430 అంగుళం సీసం గుండు ఐదు గదుల మూతుల్లోంచి వేలితో నెడితే జారిపోతోంది. ఆరోదాంట్లోంచి సుత్తితో తట్టాల్సి వచ్చింది. మూడు నెలలు మందు మీద వేసిన నిందలో సగం ఆ గదిదే.

చివరికి నాకు కుదిరింది 240 గ్రెయిన్ల సీసం గుండు, సెకనుకి వెయ్యి అడుగుల వేగం. 1350తో పోలిస్తే శక్తి సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఐదు గదులతో యాభై గజాల్లో పదికి పది మూడంగుళాల లోపు. మెల్లగా పోయే గుండు కాగితం మీద కింద తగలాలి కదా? నాకు పైన తగిలింది. గుండు గొట్టంలో ఎక్కువ సేపు ఉంటుంది, ఆలోపు కుదుపుకి గొట్టం పైకి లేస్తుంది. సైటు దించుకోవాల్సి వచ్చింది. ఎంత మందు పోశానో మాత్రం ఇక్కడ రాయను. మీ తుపాకి నా తుపాకి కాదు, పట్టిక చూసి కింది అంకె నుంచి మొదలెట్టండి.

తక్కువ మందులో ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. హెచ్110 లాంటి నిదానంగా కాలే మందుని మన ఇష్టానికి తగ్గించకూడదు, తయారు చేసేవాళ్ళే వద్దంటారు. కాబట్టి తక్కువ వేగానికి త్వరగా కాలే వేరే మందు కావాలి. అది కేసులో అడుగున కాస్తే ఉంటుంది. పరధ్యానంలో రెండుసార్లు పోసినా పొర్లదు, పైకి తెలియదు. అలాంటి తూటా ఒక్కటి చాలు తుపాకి ముక్కలవడానికి. అందుకే బల్ల మీద ఒకే మందు డబ్బా, ఫోన్ పక్క గదిలో, గుళ్ళు పెట్టేముందు లైటు వేసి యాభై కేసుల్లోకీ తొంగి చూడటం. ఒకసారి ఒక కేసులో మట్టం కాస్త ఎత్తుగా కనిపించింది. అన్నీ వెనక్కి వంపేసి ఆ రాత్రికి లైటార్పేశాను.

నిండు మందు వాళ్ళ వాదనలోనూ నిజముంది. ఎలుగుబంట్లుండే చోట తిరిగేవాడికి నా తూటా చాలకపోవచ్చు. వేగం ఎక్కువుంటే దూరం అంచనా కాస్త తప్పినా గుండు మరీ కిందికి పోదు. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు నిండు తూటాతో కూడా నాకంటే దగ్గరగా కొడతారు, చూశాను. కానీ ఆ తూటాలు కొనేవాళ్ళలో అలాంటి వాళ్ళు ఎంతమంది? ఈ తూటా పుట్టుకలో చెయ్యున్న ఎల్మర్ కీత్, 1955-56లో మ్యాగ్నమ్ రాకముందు, 44 స్పెషల్‌లో సొంతంగా దట్టించుకున్నది దాదాపు 1200 అడుగుల వేగానికి. ఇంతమందికి దీని పిచ్చెక్కించిన డర్టీ హ్యారీ కూడా 1973 నాటి మ్యాగ్నమ్ ఫోర్స్ సినిమాలో తను వాడేది తేలికపాటి తూటాలనే చెప్తాడు, చెయ్యి అదుపులో ఉంటుందని. ఆ ముక్క ఎవరికీ గుర్తుండదు.

మన పిల్లలు ఇక్కడ తుపాకికి బలైన వార్త వచ్చినప్పుడల్లా అమ్మ ఫోన్ చేస్తుంది. నా బీరువాలో ఒకటుందని ఇంకా చెప్పలేదు. ఈ టపా తను చదవదులే అనే ధైర్యంతో రాస్తున్నాను.

నవంబర్లో మళ్ళీ ముసలాయన పొలానికి వెళ్ళాను. ఈసారి అడక్కుండానే చెప్పాను, బల్ల మీదైతే యాభై గజాలు, చేతి మీద నలభై. పంది అరవై గజాల్లో కట్ట మీదికొచ్చి, కాసేపు మట్టి తవ్వుకుని వెళ్ళిపోయింది. ఆయన థర్మాస్‌లోంచి కాఫీ పోసిచ్చారు. సిలిండర్‌ని గన్‌స్మిత్‌కి పంపాలి, ఆరో గది మూతి కాస్త వెడల్పు చేయిస్తే సరిపోతుందట. అప్పటిదాకా అందులో తూటా పెట్టట్లేదు.