తివాచీ కింద మెట్టు

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి గృహప్రవేశమైన కొద్ది నెలలకే ఇంట్లో ఒక శత్రువు కనిపిస్తుంది. కార్పెట్. పాలు పొంగించిన రోజున మెత్తగా, వెచ్చగా తోచిన ఆ తివాచీ ఏడాది తిరిగేసరికి సాంబారు మరకలను, తిరగమోత వాసనను, పిల్లలు ఒలికించిన రంగులను ఇముడ్చుకుని ఎంత కడిగినా వదలని స్థితికి వస్తుంది. ముందు కింది హాల్లో ఓక్ చెక్క నేల వేయిస్తారు. ఆ తర్వాత చూపు మెట్ల మీద పడుతుంది. నిగనిగలాడే కొత్త నేల మీంచి వెలిసిపోయిన తివాచీ మెట్లు పైకి వెళ్తుంటే పట్టుపంచె మీద పాత బనియను వేసుకున్నట్టుంటుంది. ‘ఉన్నవి పధ్నాలుగు మెట్లు. రెండు రోజుల పని’ అనుకుంటారు.

తివాచీ లేపి చూసేవరకూ ఆ మాట బాగానే ఉంటుంది.

అమెరికా శివార్లలోని ఇళ్లలో అస్థిపంజరమంతా చెక్కే. మెట్లూ అంతే. రెండు పక్కలా, మధ్యలో రంపపు పళ్లలా కోసిన ఏటవాలు దూలాలుంటాయి. వాటిని స్ట్రింగర్లంటారు. వాటి మీద అడుగు పలకలు బిగిస్తారు. ఎలాగూ తివాచీ కప్పేస్తుంది కాబట్టి బిల్డర్ ఆ పలకలకు ముతక పైన్‌ చెక్కో, చెక్కపేళ్లను జిగురుతో అదిమి చేసిన షీటో వాడతాడు. గోడలకు రంగు వేసినప్పుడు పడ్డ చుక్కలు, పుట్టీ ముద్దలు దాని మీద అలాగే ఉంటాయి. పలకకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. తివాచీ అలంకారం మాత్రమే కాదు, పని నాణ్యత మీద కప్పిన దుప్పటి కూడా. ప్రపంచ తివాచీల రాజధానిగా చెప్పుకునే డాల్టన్ పట్టణం జార్జియాలోనే ఉంది. దానికి దక్షిణాన అట్లాంటా శివార్లలో స్థిరపడిన తెలుగువారు వేల సంఖ్యలో తివాచీలు పీకించేస్తుంటారన్నది వేరే సంగతి.

తివాచీ లాగేస్తే కింద స్పాంజి, దాని కింద వందలాది పిన్నులు, అంచుల్లో మేకులు పైకి తేలిన సన్నని చెక్క పట్టీలు బయటపడతాయి. వాటిని పట్టకారుతో ఒక్కొక్కటిగా లాగడానికే ఒక రోజు పోతుంది. ఓపికకు పరీక్షే అయినా అది ప్రమాదం కాదు. అసలు చిక్కు లెక్కలో ఉంది.

మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు ఏడున్నర అంగుళాలనుకుందాం. పాత పలకల మీద అంగుళం మందం ఓక్ పలకలు పరిచారు. మధ్య మెట్లకు తేడా రాదు. ప్రతిదీ అంగుళమే లేచింది కాబట్టి వాటి మధ్య ఎత్తు ఏడున్నరే. కానీ కింది నేల లేవలేదు. మొదటి మెట్టు ఎనిమిదిన్నర అంగుళాలవుతుంది. పై అంతస్తు నేలా లేవలేదు. చివరి మెట్టు ఆరున్నరకు పడిపోతుంది. ఎక్కేటప్పుడు మొదటి అడుగుకు కాలు తగులుతుంది. పైనుంచి దిగేటప్పుడు మొదటి అడుగుకు నేల అనుకున్నదానికంటే ముందే వస్తుంది, చివరి అడుగుకు అనుకున్న చోట ఉండదు.

అమెరికాలోని చాలా రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం మెట్టు ఎత్తు ఏడు ముప్పావు అంగుళాలు దాటకూడదు. ఒకే వరుసలో అతి ఎత్తయిన మెట్టుకూ అతి తక్కువ ఎత్తు మెట్టుకూ మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు మించకూడదు. ఇది అధికారుల చాదస్తమేమీ కాదు. మెట్లెక్కే మనిషి మొదటి ఒకటి రెండు అడుగులే చూసి వేస్తాడు. ఆ పైన కాలు తన లెక్కతో తానే నడుస్తుంది. ఆ లెక్క తప్పిన చోటే పడిపోవడం. జార్జియా టెక్‌లో ఆర్కిటెక్చర్ బోధించిన జాన్ టెంప్లర్ 1992లో వెలువరించిన ‘ద స్టెయిర్‌కేస్’లో ఒక సంపుటమంతా మెట్ల ప్రమాదాలకే కేటాయించారు.

మన ఊళ్లో తాపీమేస్త్రీకి ఈ లెక్క వెన్నతో పెట్టిన విద్య. స్లాబు మెట్లు పోసేటప్పుడే కింద ఎంత మందం బండ వస్తుంది, మెట్టు మీద ఎంత గ్రానైట్ వస్తుంది అని అడిగి, మొదటి మెట్టును ఆ మేరకు సరిచేసి పోస్తాడు. ఆలోచన కట్టేటప్పుడే జరుగుతుంది. అమెరికాలో అది ఇరవై ఏళ్ల తర్వాత, వీడియోలు చూసి సొంతంగా పనిలోకి దిగిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నెత్తిన పడుతుంది.

దారులు లేకపోలేదు. కింద, పైన కొత్తగా ముప్పావు అంగుళం చెక్క నేల వేయిస్తున్నవారు మెట్లకూ ముప్పావు అంగుళం పలకలే వాడితే అన్నీ సమానంగా లేస్తాయి, తేడా ఉండదు. కింద బిల్డర్ వేసిన టైల్స్ అలాగే ఉంచాలనుకుంటే మాత్రం పాత పలకలు ఊడదీసి, కొత్తవి నేరుగా స్ట్రింగర్ల మీద కూర్చోబెట్టడమే మేలు. పాత పలకలు పక్క దూలంలో గాడి తీసి బిగించినవైతే అది కూడా సులువు కాదు, మెట్ల కింది గోడ తెరవాలి. కాంట్రాక్టర్ ధర రెట్టింపు చెప్పేది అక్కడే.

పాత పలకలు ఉంచేస్తే వాటి ముక్కు కోయాలి. తివాచీ చుట్టడానికి వీలుగా ప్రతి పలకా అంగుళానికి పైగా ముందుకు పొడుచుకొచ్చి, అంచు గుండ్రంగా ఉంటుంది. నిలువు పలకకు సమంగా దాన్ని కోస్తేగానీ కొత్త చెక్క కూర్చోదు. రంపం మిషను గోడ దగ్గరి చివరి రెండంగుళాలకు అందదు. అక్కడ ఉలి పట్టాల్సిందే. ఇక ఏ రెండు మెట్ల వెడల్పూ ఒకటి కాదు, ఏ గోడా మట్టానికి లేదు. మొదటి పలక కొలతతో పధ్నాలుగూ కోయించినవారికి సగం చెక్క వృథా. కిర్రుమనే పాత పలకలను ముందే స్క్రూలతో దూలాలకు బిగించకపోతే ఆ చప్పుడు కొత్త ఓక్ కింద నుంచి మరింత స్పష్టంగా వినిపిస్తుంది. అంతవరకూ దాన్ని మింగింది తివాచీయే మరి. పలకలు అంగుళం లేచిన మేరకు పక్కనున్న చేతికర్ర ఎత్తు తగ్గుతుంది. దాన్నీ కొలిచి చూడాలి.

జిగురు ఆరేవరకూ మెట్టు తొక్కకూడదు. పడకగదులన్నీ పైనే, ఉన్నది ఒకటే మెట్ల దారి. తెలివైన వడ్రంగి ఒక రోజు సరి మెట్లు, మరుసటి రోజు బేసి మెట్లు వేస్తాడు. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదీ రెండేసి మెట్లు దూకుతారు.

అమ్మమ్మ దూకలేదు. ఈ పనిలో అందరూ చివరికి ఆలోచించేది, మొదట ఆలోచించాల్సింది ఆమె గురించే. విజిటర్ వీసాపై వచ్చే తల్లిదండ్రులు సాధారణంగా ఆరు నెలల వరకూ ఉంటారు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసే ఇల్లు, చలికి కాళ్లకు మేజోళ్లు, పాలిష్ పెట్టిన ఓక్ మెట్లు, ఒకే పక్క చేతికర్ర. అర్ధరాత్రి మంచినీళ్లకు దిగే డెబ్బై ఏళ్ల మనిషికి ఇంతకంటే చెడ్డ కలయిక ఉండదు. తివాచీ కాలిని పట్టి ఉంచేది, పడినా దెబ్బ తగ్గించేది. వాళ్లకు మెడికేర్ వర్తించదు. సందర్శకుల బీమాకు సవాలక్ష షరతులు. తుంటి విరిగితే ఆస్పత్రి బిల్లు చెక్క ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది.

అందుకే ఓక్ మెట్లు పూర్తయిన ఇళ్లలో రెండో అంకం తరచూ ఒకేలా ఉంటుంది. గోడవైపు రెండో చేతికర్ర బిగిస్తారు. పైనా కిందా రాత్రి దీపం పెడతారు. కొత్త మెట్ల మీద, మధ్యగా, పైనుంచి కిందిదాకా ఒక పొడవాటి తివాచీ పట్టీ పరిపిస్తారు. దానికి అటూ ఇటూ నాలుగేసి అంగుళాల ఓక్ కనిపిస్తుంటుంది.