విశ్రాంతి వేళ: ఇటుకల గోడ

కొంతకాలము క్రిందట ఈ శీర్షికలో మేమొక మాట తొందరపడి వ్రాసితిమి. కంప్యూటరు ముందు కూర్చుండి బంతితో ఇటుకలు పగులగొట్టుట సంసారపక్షమున నున్న స్త్రీకి తగిన కాలక్షేపము కాదనియు, దానికంటె వామనగుంటల పీట ముందు వేసికొనుట మేలనియు అంటిమి. అందుకు మాకు దక్కిన చీవాట్లు ఇన్నన్ని కావు. రాజమహేంద్రవరము, అమలాపురము, నరసాపురము, పాలకొల్లు, ఎక్కడికి పోయినను పెండ్లిపందిళ్లలోను, పేరంటములలోను సోదరీమణులు మమ్ము నిలదీసిరి. భీమవరము దాపున ఒక గ్రామమున కాపురమున్న యొకామె అడిగిన ప్రశ్నకు మేమిప్పటికిని జవాబు చెప్పలేకున్నాము.

"సంక్రాంతి మూడు దినములును మా యింటి మగవారు కోడిపందెముల బరియొద్దనే యుందురు. తక్కిన దినములలో పేకముక్కలు. దానిని సరదా యందురే గాని వ్యర్థమని ఎవరును వ్రాయరు. అన్నము వార్చి, పులుసు పొయ్యిమీద మరుగుచుండగా నేనాడుకొను పావుగంటయేనా అండీ మీ కంటికి ఆనినది?"

కావున ఈ మాసము మా అభిప్రాయమును మడిచి పెట్టెలో పెట్టి, ఆడినవారి అభిప్రాయములను వ్రాయుచున్నాము. ఆడి చూడక తీర్పు చెప్పుట తప్పని తోచి, పదునైదు దినములు మేమును ఆడితిమి. ఆ దినములలో కూర రెండు మాఱులు మాడినమాట దాచిపెట్టము.

ఆట ఎఱుగనివారికి రెండు మాటలు. తెర పైభాగమున రంగురంగుల ఇటుకలు వరుసలుగా పేర్చియుండును. అడుగున చిన్న పట్టె యొకటి. దానిని కుడియెడమలకు జరుపవచ్చును గాని పైకెత్తుటకు వీలులేదు. బంతి ఎగిరి ఇటుకను తాకగానే ఇటుక మాయమగును, బంతి తిరిగి వచ్చును. దానిని పట్టెతో కాచుకొనవలయును. జాఱవిడిచితిమా, ఒక బంతి నష్టము. ఇంతమాత్రమే. అయితే బంతి పట్టె నడుమ తగిలినచో నిటారుగను, అంచున తగిలినచో వాలుగను పోవును. అందుచేత కాచుకొనుట చాలదు, పట్టెలో ఏ చోట కాచుకొనవలయునో చేతికి తెలియవలయును. అట్టు తిరుగవేయునప్పుడు అట్లకాడను ఏ అంచున దూర్చవలయునో ఎవరును పుస్తకములో చదివి నేర్చుకొనలేదు గదా. ఇదియు నట్టిదే.

ఈ ఆట నిన్నమొన్నటిది కాదు. 1976లో అమెరికా దేశమున ఆటారి యను సంస్థవారు బ్రేకౌట్ అను పేరున, నాణెము వేసి ఆడెడి పెట్టెగా దీనిని బయటపెట్టిరి. అందు ఎనిమిది వరుసలు, వరుసకు 14 చొప్పున 112 ఇటుకలు. అడుగు వరుసలలోని పసుపు ఇటుకకు ఒకటి, ఆకుపచ్చకు మూడు, నారింజకు అయిదు, పై వరుసలలోని ఎఱ్ఱ ఇటుకకు ఏడు అంకెలు. ఒక గోడ ముగిసిన రెండవ గోడ వచ్చును. రెండును కూల్చినవారికి 896. ఒక్కరే ఆడినచో అంతకు మించి పై దేవుడు దిగివచ్చినను రాదు. ఇంకొక వింత యేమనగా ఆ తెర నలుపు తెలుపులది. రంగుల సెల్లోఫేను పట్టీలు తెరమీద అంటించి పసుపనియు, ఎఱుపనియు అనిపించిరి. ఇది తెలిసినప్పుడు, నలుపు తెలుపు టీవీకి ముందు రంగుటద్దము తగిలించి కలర్ టీవీ అని మురిసిన మన యిండ్లు మాకు జ్ఞాపకమునకు వచ్చి నవ్వు ఆగలేదు.

ఆటారిలో పనిచేయుచుండిన స్టీవ్ జాబ్స్ ఈ పెట్టెకు నమూనా కావలెనని తన స్నేహితుడైన స్టీవ్ వోజ్నియాక్‌ను అడుగగా, పగలు వేఱొక కొలువు చేసికొనుచున్న వోజ్నియాక్ నాలుగు దినములలో రాత్రులు మేల్కొని దానిని తయారుచేసెను. ఆ నమూనా మిక్కిలి చిక్కగా నుండుటచే ఆటారివారు దానిని యథాతథముగా వాడుకొనలేదు. అయినను ఆ శ్రమ ఊరక పోలేదు. 1977లో వచ్చిన ఆపిల్-2 అను ఇంటి కంప్యూటరును వోజ్నియాక్ రూపొందించునప్పుడు, దానిమీద ఈ ఇటుకల ఆట ఆడుకొనవలయుననియే రంగులను, ధ్వనిని, త్రిప్పెడి పిడులను అమర్చినట్లు ఆయనయే చెప్పుకొనియున్నాడు. కంప్యూటరు చదువు కొఱకు గాని ఆటల కొఱకు కాదని కోడండ్రను మందలించు పెద్దలకు ఈ సంగతి మెల్లగా వినిపింపవచ్చును.

1986లో జపానుకు చెందిన టైటో సంస్థ ఆర్కనాయిడ్ అను పేర దీనికి క్రొత్త సొగసులు దిద్దినది. పగిలిన ఇటుకలనుండి మాత్రలవంటివి రాలుట అందే ఉన్నది. వానిని పట్టెతో అందుకొన్నచో పట్టె పొడుగగును, బంతి మూడగును, ఇట్లు ఒక్కొక్క వరము. మన గోదావరి సీమ యిండ్లకు చేరినది మాత్రము దాని తరువాతిది, 1996లో మైకేల్ వెల్చ్ అనునతడు వ్రాసి ఉచితముగా పంచిన డీఎక్స్-బాల్. కుఱ్ఱవాని ఇంజనీరింగు చదువునకని కొన్న కంప్యూటరులోనికి ఎవరో స్నేహితుని సీడీనుండి అది వచ్చి చేరెడిది. చదువు ముగిసి కుఱ్ఱవాడు హైదరాబాదునకో, అమెరికాకో పోయెను. కంప్యూటరు మండువాలో లేసుగుడ్డ కప్పుకొని మిగిలెను. తల్లి దుమ్ము దులుపుచు ఒకనాడు మీట నొక్కెను. మేము విన్న కథలలో సగము ఇట్లే మొదలైనవి.

ఇక అభిప్రాయములు. వరముల విషయమున మన సోదరీమణులు రెండు పక్షములుగా చీలియున్నారు. రాజమహేంద్రవరమున బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న యొకామె వరములనిన మండిపడును. "వరము రాలగానే కన్ను దానిమీదికి పోవును. దానికై పరుగెత్తి చేతనున్న బంతిని పోగొట్టుకొందుము. పైగా రాలినవన్నియు వరములా? అందు సగము శాపములే. పట్టె కుఱుచయగును, బంతి వేగము హెచ్చును, ఒకటి అందుకొన్న తోడనే ప్రాణమే పోవును." ఆమెకు వట్టి గోడ, వట్టి బంతి గల పాత ఆటయే ఇష్టము. అమలాపురపు కోడలు పిల్ల యొకతె దీనికి పూర్తిగా ఎదురు. బంతి చీలి పెక్కు బంతులై తెరనిండ తిరుగుచుండగా ఆమెకు పట్టరాని సంతోషమట. ఒకేమాఱు అన్నిటిమీద కన్ను ఎట్లు వేయుదువమ్మా యని అడిగితిమి. "ఇద్దఱు పిల్లలు, మామగారు, పొయ్యిమీద పాలు. అలవాటే కదండీ" అన్నది.

చేతి సంగతి పెద్ద తగవే. బాణపు గుఱుతుల మీటలతో ఆడిన పట్టె మొండిగా ఒకే వేగమున కదలును; మౌసుతో ఆడిన చేతివెంట వచ్చును. మొదటి పెట్టెలలో గుండ్రని పిడిని త్రిప్పి ఆడెడివారు గనుక, వీణె బిరడలు త్రిప్పిన చేతులకు అదే నచ్చెడిదేమో. సెల్‌ఫోనులో ఆడుటను మెచ్చినవారు మాకు కానరాలేదు. వ్రేలు పోయి పట్టెమీదనే పడును, బంతి ఎక్కడ దిగినదో తెలియదు. ఒక గోడ ముగియగానే చీరెల ప్రకటన యొకటి అడ్డము వచ్చును. కాకినాడలోని యొకామె దుఃఖము వేఱు. కొడుకు ప్రేమతో క్రొత్త కంప్యూటరు కొనిపెట్టెను, దానియందు పాత ఆట ఎంతకును నడువలేదు. "పాతది అమ్మివేయుటకు ముందు నన్నొక మాట అడిగియుండవలసినది" అని ఆమె రెండు మాఱులు అనినది.

చివరి ఇటుకను గూర్చి మాత్రము అందఱిది ఒకే మాట. గోడయంతయు క్షణములో కూలును. ఏ మూలనో ఒక్క ఇటుక మిగులును. బంతి దాని ప్రక్కనుండి, ముందునుండి పోవునే గాని దానిని తాకదు. శనివారము తలయంటుకు దొరకక పరుగెత్తు పిల్లవానివలె అది మనలను ఏడిపించును. మేము ఒక సాయంకాలమెల్ల ఒక్క ఇటుకతో వేగితిమి.

ఏడుపెంకులాటతో పోల్చినవారును కలరు. చిన్ననాడు మన వీధులలో బెంగుళూరు పెంకుల ముక్కలు ఏడు పేర్చి, గుడ్డబంతితో కొట్టి, పడగొట్టిన పక్షమువారే ఎదుటివారి బంతిదెబ్బలు తప్పించుకొనుచు వానిని తిరిగి పేర్చెడివారము. పడగొట్టుట ఒక్క దెబ్బ, పేర్చుటయే అసలు ఆట. కంప్యూటరులో పేర్చువారెవరు, యంత్రమే పేర్చిపెట్టును, మనము కూల్చుచుందుము అని ఒక పెద్దామె ఆక్షేపణ. ఆ మాట మాకును నచ్చినది. ఆమె మనుమరాలు వెంటనే, "అమ్మమ్మా, ఇల్లంతయు ప్రొద్దున్నే సర్దుచునే యున్నానుగా, ఒక్కచోటనైనా కూల్చుకోనీ" అనగా పెద్దామెయే ముందు నవ్వినది.

ఈ ఆటలో కెల్ల రుచియైన ఘట్టమొకటి కలదు. గోడకు ఒక అంచున ఇటుకలను ఒకదానిపై నొకటి తొలిచి సందు చేసినచో, బంతి ఆ సందున దూరి గోడ వెనుకకు పోవును. అటుమీదట మన పని లేదు. పైకప్పునకును గోడకును నడుమ చిక్కి అదే దడదడలాడుచు ఇటుకలను రాల్చుచుండును. చేయి పట్టెమీదనుండి తీసి, చెంగుతో ముఖము తుడుచుకొని, చూచుచు కూర్చుండవచ్చును. తమకు ఆటలో ఇష్టమైనది ఈ అరనిమిషమేయని చెప్పినవారే మాకు ఎక్కువమంది తగిలిరి. ఇంటిలో మఱి ఏ పని ఇట్లు మన చేయి పడకుండ దానంతట అది జరుగునో చెప్పుడు.

ఈ ఘట్టమునకు మన ప్రాంతపు పిల్లలు పెట్టుకొన్న పేరు గండి. "గండి పడింది, గండి పడింది" అని కేకలు వేయుదురు. ఏటిగట్టు ప్రక్కన పుట్టినవారికి వేఱొక మాట ఎట్లు తోచును?

కోనసీమలో లంకనంటియున్న గ్రామమున మా బంధువుల యిల్లొకటి కలదు. అక్కడ మనుమడు ఆడుచు ఒకనాడు అట్లే కేక వేసెను. వసారాలో చింతపండు ఈనెలు తీయుచున్న మామ్మగారు చేతిలోని పళ్లెము విడిచి, చెప్పులైనను లేక వాకిటిలోనికి వచ్చి గట్టువైపు చూచుచు నిలిచిరట. తరువాత ఎంత చెప్పినను ఆ పూట అన్నము తినలేదట.

ఆమెను ఎఱిగినవారికి ఇందు ఆశ్చర్యము లేదు. 1986 ఆగస్టు నెల గోదావరి వరదను మన తల్లులు మఱచిపోలేరు. 16వ తేదీన భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. ధవళేశ్వరము దాటి వచ్చిన నీరు 35 లక్షల క్యూసెక్కులు. గట్లకు పెక్కుచోట్ల గండ్లు పడినవి, లంకలు మునిగినవి. రాత్రివేళ గండి యను కేక వినబడిన తోడనే ఆమె చంటిపిల్లను భుజముపై వేసికొని, పెద్దవానిని రెక్కపట్టుకొని గట్టెక్కినది. ధాన్యపు గాదెయు, చూలుతో నున్న ఆవును తెల్లవారునప్పటికి లేవు. ఆ ఆవు పేరు ఆమె ఇప్పటికిని చెప్పదు.

ఆ సంగతి ఇంటిలో పిల్లలకు ఎవరును చెప్పియుండలేదు. కేక వేసినవాడు బిక్కచచ్చి, ఆట కట్టివేసి, ఇక ఆడనని ఒట్టు పెట్టుకొనెను. రెండు దినముల తరువాత మామ్మగారే వానిని పిలిచి, అదేమిటో చూపుమనిరి. వాడు భయపడుచు చూపెను. బంతి సందున దూరి వెనుకప్రక్క దడదడలాడుట ఆమె చివరివఱకు చూచిరి. "నీళ్లు రావుగా?" అని అడిగిరి. రావనినాడు. అద్దములు తెచ్చుకొని కూర్చుండి మౌసు చేతికి తీసికొనిరి. మొదటి బంతి వెంటనే పోయెను, రెండవదియు పోయెను.

మేము మొన్న కార్తికమాసమున ఆ యింటికి పోయినప్పుడు ఆమె నాలుగవ గోడమీద నుండిరి. బంతి అంచున దూరి పైకి పోయినది. ఆమె చేయి తీసి, వెనుకకు వాలి, మనుమని వంక చూచిరి. వాడు "దారి పడింది మామ్మా" అనినాడు. ఆ యింట ఇప్పుడందఱును అట్లే అనుచున్నారు.