మాట వెనక సంఖ్య

మదనపల్లె మార్కెట్‌ను నడిపే పంట మీద పుస్తకాల కోసం గ్రంథాలయం కంప్యూటర్‌లో ‘టమాటా’ అని వెతికితే, ‘టమోటా’, ‘తక్కాళి’ అన్న పేర్లున్నవి జారిపోతాయి. పుస్తకాలకు విషయాన్ని బట్టి సంఖ్యలిచ్చే డ్యూయీ వర్గీకరణలో మూడింటికీ 635.642 ఒక్కటే సంఖ్య. పుంగనూరు ఆవు మీద ఏ భాషలో రాసినా 636.2 కిందికే వస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే కుప్పంలో, 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నచోట, ఇంతకంటే అక్కరకొచ్చే సాధనం ఏముంది? ఆ సంఖ్యను బీరువా చిరునామాగానే వదిలేస్తే బాధ కలుగుతుంది.

ప్రతి మాటనూ యంత్రమే వెతుకుతుండగా 1876 నాటి ఈ పద్ధతి ఎందుకని కొందరు అడుగుతారు. మాట దొరకడం వేరు, విషయం దొరకడం వేరు. ఒక పుస్తకానికి ఒకే సంఖ్య చాలదన్న ఆక్షేపణ న్యాయమైనదే. అల్మరాలో ఒకచోటే ఉండాలిగానీ, కంప్యూటర్‌లో నాలుగు సంఖ్యలిస్తే అడ్డేముంది? 1933లోనే గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ రూపొందించిన కోలన్ వర్గీకరణ విషయాన్ని ముఖాలుగా విడదీసింది. పంట, తెగులు, నివారణ, దేన్ని పట్టుకునైనా వెతకొచ్చు. పాఠకుడు అంకెలు నేర్వనక్కర్లేదు, ‘తక్కాళి’ అని కొడితే వెనక సంఖ్య పనిచేయాలి.