కౌతాళము పిల్లల శరత్క్రీడలు

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధి జనసమ్మర్దముతో నిండియుండును. విజయదశమి రాత్రి దేవరగట్టుపై కఱ్ఱల చప్పుడు మ్రోగును. దీపావళి దివ్వెలు కొండెక్కిన పిమ్మట కౌతాళము, కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద ప్రాంతముల పల్లెలలో మఱియొక చప్పుడు వినవచ్చును. అది లారీల చప్పుడు. వంటపాత్రలు, గోనెమూటలు, మేకపిల్లలు, ముసలివారు, పసివారు ఆ లారీల కెక్కుదురు. కొందఱు గుంటూరు మిరపచేలకును, కొందఱు తెలంగాణపు ప్రత్తిచేలకును, మఱికొందఱు బెంగుళూరు కట్టడపు పనులకును తరలిపోవుదురు. ఇల్లు తాళము పడును. పాఠశాలలో నొక బల్ల ఖాళీ యగును.

సరిగా ఈ మాసములే పాఠశాలల క్రీడలకు ఋతువు. జూన్ మాసమున బడులు తెఱవబడును. వానలు తెఱపియిచ్చినకొలది పిల్లలు జట్లుగా నేర్పడుదురు. మొదట మండలపు పందెములు, అందు నెగ్గినవారికి ఆదోని విభాగపు పందెములు, ఆ మీద జిల్లా, ఆపైని రాష్ట్రము: ఈ సోపానపరంపర శరత్కాలమంతయు సాగును. 1954లో నేర్పడిన పాఠశాల క్రీడల సమాఖ్య ఏర్పాటు ననుసరించి పదునాలుగేండ్లలోపు బాలబాలికలకు ప్రత్యేకముగా పోటీలు గలవు. అనగా ఆఱవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వఱకు చదువు పిల్లలకు తమ జీవితములో మొదటిసారిగా ఊరి పేరు గుండెపై ధరించి పొరుగూరికి పోవు భాగ్యము ఈ ఋతువునందే కలుగును. వారిలో పెక్కుమందికి లారీ యెక్కవలసిన కాలమును ఇదియే. ఈ రెండు ప్రయాణములలో ఏది ముందు వచ్చునో అదియే యా పిల్లవాని భవిష్యత్తును నిర్ణయించుచున్నది. కావుననే యీ విషయమును క్రీడల పుటలో విడువక సంపాదకీయమునకు తెచ్చితిమి.

ఆకలిగొన్నవానికి ఆట లేమిటని కొందఱు పెద్దలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సహేతుకమే. ఆదోని డివిజనులో తుంగభద్ర దిగువకాలువ నీరు ముట్టు చేలు కొన్ని, ఆకాశమువంక చూచు చేలు పెక్కు. 2011 జనగణనములో కర్నూలు జిల్లా యక్షరాస్యత నూటికి 60కి మించలేదు. ఆ జిల్లాలోను పశ్చిమభాగమే మిక్కిలి వెనుకబడియున్నది. ఇట్టిచోట చదువు ముందా, ఆట ముందా యని యడుగువారికి మా సమాధాన మొక్కటే: ఈ సీమలో పిల్లవానిని చదువునకు కట్టివేయు త్రాడు ఆట కాగలదు.

ఎట్లన, నలువది మంది కూర్చుండు తరగతిలో ఒకడు రాకున్న నెవరికిని పట్టదు. హాజరుపట్టీలో వాని పేరు మాసములకొలది బ్రతికియుండవచ్చును. కాని జట్టులో నట్లు కుదరదు. వాలీబాల్ జట్టునకు ఆఱుగురు కావలయును. ఆఱుగురు లేని జట్టు అసంపూర్ణమని నియమము, ఆట సాగదు. ఫుట్‌బాల్ జట్టులో పదునొకొండుగురకు బదులు ఏడుగురైనను లేనిచో ఆటయే ప్రారంభము కాదు. అందుచేత ఒక్క పిల్లవాడు పల్లె విడిచిపోయినచో ఆ లోటు సాయంకాలమునకే బయటపడును. మిగిలినవారు వాని యింటికి పోయి తలుపు తట్టుదురు, వాడేడని యడుగుదురు, ఉపాధ్యాయుని చెవిని వేయుదురు. జట్టు అబద్ధమాడని హాజరుపట్టీ. తన్ను వెదకువారు ఐదుగురు గలరని యెఱిగిన పిల్లవాడు ఊరు విడుచుటకు తల్లిదండ్రులతో వాదులాడును. అవ్వయొద్దనైనను నిలిచిపోవుదునని మొండికెత్తును. ఈ మొండితనము కన్న విలువైన విద్య ఆ వయసున లేదని మా యభిప్రాయము.

ఈ యాటలు విదేశీయములని, మన చెడుగుడు, కోకో యుండగా వీని నేల యాశ్రయింపవలెనని చెప్పువారును గలరు. చెడుగుడును మేము తక్కువ చేయము. అయినను వాలీబాల్ నేడు తెలుగు పల్లెలలో రచ్చబండవలె నాటుకొనినది. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గన్ అను వ్యాయామ నిర్వాహకుడు, పగలెల్ల తమ పనులలో నలసిన పెద్దల సాయంకాల వినోదమునకై దీనిని కల్పించెను. 1920లో మద్రాసున వై.ఎం.సి.ఏ. వారు నెలకొల్పిన వ్యాయామ కళాశాల ఇట్టి యాటలను నేర్పగల యుపాధ్యాయులను తీర్చిదిద్దినది. 1953 వఱకు బళ్లారి జిల్లాలో నుండిన మన ఆదోని తాలూకాయు ఆ చెన్నపురి రాజధానిలోనిదే. 1962 ఆసియా క్రీడలలో భారత వాలీబాల్ జట్టు రజతపతకమును గొనివచ్చినది. ఇంక నిది పరాయిది యెట్లగును?

ఫుట్‌బాల్ చరిత్ర మనకు మఱింత దగ్గఱిది. 1911లో మోహన్ బగాన్ జట్టువారు కలకత్తాలో ఇంచుమించు అందఱును వట్టికాళ్లతో నాడి ఈస్టు యార్కుషైరు పటాలమును 2–1 గోళ్లతో నోడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలిచిరి. బూట్లు లేవని మన పిల్లలు వెనుదీయ నక్కఱలేదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు. తరువాతి తరమున హైదరాబాదునుండి సయ్యద్ అబ్దుల్ రహీము వచ్చెను. ఆయన వృత్తిచే బడిపంతులు. ఆయన శిక్షణమున భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా స్వర్ణమును పొందినది; 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందినది. సికిందరాబాదు ప్రాంతపు తెలుగునేలపై పెరిగిన తులసీదాస్ బలరాము మెల్బోర్నున నాడినవాడు, జకార్తాలో గెలిచిన జట్టులోనివాడు. మన దేశపు ఫుట్‌బాల్ స్వర్ణయుగమున కొక బడిపంతులు సారథి యయ్యెనన్న సంగతిని పాఠశాలాధికారులు మఱువరాదు.

ప్రత్తి పండించు ఆదోనివారికి మఱియొక దృష్టాంతము చెప్పదలచితిమి. 1964లో టోకియో ఒలింపిక్సున వాలీబాల్ మొదటిసారిగా చేర్చబడినది. అందు స్త్రీల స్వర్ణమును గెలిచిన జపాను జట్టులో అధికసంఖ్యాకులు కైజుకాలోని యొక నూలుమిల్లు ఉద్యోగినులు. పగలు మిల్లులో పని, సాయంకాలము మొదలు ప్రొద్దుపోవు వఱకు అభ్యాసము. ఆ మిల్లు యజమానులు తమ పనివారి కొక యాటస్థలమును, ఒక శిక్షకుని నిచ్చిరి. వారు దేశమునకు కీర్తి నిచ్చిరి. ఆదోని మార్కెట్టు రాష్ట్రములోని పెద్ద ప్రత్తి మార్కెట్లలో నొకటి. ఆ ప్రత్తిని ఏరిన చేతులలో పిల్లల చేతులెన్ని గలవో మన రైతులకును వర్తకులకును తెలియనిది కాదు.

ఇచ్చట మేము మా పాఠకులకు రుచింపని మాట యొకటి చెప్పక తప్పదు. పిల్లలు దూరదేశపు చేలకు వలసపోవుచున్నారని వగచు మనము, మన చేలలో వారిని చూచి కన్ను మూసికొనుచున్నాము. ప్రత్తికాయ విచ్చుకాలమున బడి మాని చేలో వంగియున్న బాలికను చూచి, కూలి దొరకని కాలమని సమాధానపడుచున్నాము. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదని 2016 నాటి సవరణ చట్టము శాసించుచున్నది. బడివేళలు గడచిన పిమ్మట సొంతకుటుంబపు పనిలో సాయపడుటకు మాత్రము కొన్ని నిబంధనలతో మినహాయింపు గలదు. గుంటూరు రైతును నిందించుటకు ముందు కౌతాళపు రైతు తన గట్టుపై నిలిచి తన చేనివంక చూచుకొనవలెను.

ఇంక కావలసిన దేమి? చట్టము చెప్పినది మొదట చూతము. 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ప్రతి పాఠశాలకు ఆటస్థల ముండవలెననియు, ప్రతి తరగతికి కావలసిన యాటవస్తువు లీయవలెననియు తన యనుబంధములో నిర్ణయించినది. ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో చేరిన పిల్లలు 100కి మించినచోట ఆరోగ్య వ్యాయామవిద్యకు పార్టుటైము బోధకుడు నుండవలెను. నూఱుమంది లేని చిన్నపల్లెకు ఆ బోధకుడు లేడు. కనుక అట్టి పల్లెలకు పొరుగుబడి డ్రిల్లు మాస్టరును వారమునకు రెండు సాయంకాలములైనను పంపు నేర్పాటు చేయవలసియున్నది.

నేల విషయమున మన భూస్వాములు భయపడ నక్కఱలేదు. వాలీబాల్ ఆటకు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టును మూడేసి మీటర్లు విడిచినను మొత్తము తొమ్మిది సెంట్ల నేల. చిన్నపిల్లలు ఏడుగురేసి ఫుట్‌బాల్ ఆడుకొనుటకు 60 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు గల చోటు చాలును. అది అరువది సెంట్లు. రెండును గలిపి ముప్పాతిక యెకరమునకు లోపే. గ్రామమునకు కళ్లము, శ్మశానము, పశువుల మందబయలు ఎట్లో, పిల్లల కీ ముప్పాతిక యెకర మట్లు. మనది నల్లరేగడి, వాన కురిసిన కాలు దిగబడును, ఎండిన నెఱ్ఱెలు విచ్చును. అందువలన ఎఱ్ఱగరుసు తోలించి చదును చేసి దిమ్మిస కొట్టింపవలెను. ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చిన యీ కాలమున నిది రైతు లొక ప్రొద్దున చేయగల పని. రెండు గుంజలు, ఒక వల, రెండు బంతులు: ఉత్సవములో నొక దినపు బాణసంచాకగు వ్యయముకంటె నిది హెచ్చు కాదు.

బాలికల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. ఎనిమిదవ తరగతి దాటకముందే పెండ్లి మాటలు వినవలసిన దుర్గతి ఈ ప్రాంతమున నింకను సమసిపోలేదు. ఆటస్థలమునకు పోయిన పిల్ల నలుగురి కంటబడునని తల్లిదండ్రులు సంకోచింతురు. మేము దానినే కోరుచున్నాము. నలుగురి కంటబడిన పిల్లకు రహస్యముగా ముహూర్తము పెట్టుట సులభము కాదు. వెనుకబడిన మండలములలో బాలికలకై 2004నుండి ఏర్పడిన కస్తూరిబా విద్యాలయములు నిలిచి చదువుకొను పిల్లలకు నీడనిచ్చుచున్నవి. పల్లెలోనే యుండి చదువు పిల్లకు ఆ నీడ ఆటస్థలమునందు దొరకవలెను. వలను వారి యెత్తునకు తగినట్లు క్రిందికి దించి కట్టుడు. సాయంకాలపు వేళలో సగము వారిదని ముందే నిర్ణయింపుడు.

అయితే తల్లిదండ్రులు పోవలసివచ్చిన పిల్లలు ఎవరియొద్ద నుందురు? ఇది మూలప్రశ్న. దీనికి సమాధానము క్రొత్తది కాదు. వలసకాలమున పిల్లల నుంచుకొని అన్నము పెట్టి చదువు చెప్పు తాత్కాలిక వసతిగృహములకు సమగ్రశిక్షా పథకమున నవకాశము గలదు. అవి తెఱవవలసినది సంక్రాంతి దగ్గఱపడిన పిమ్మట కాదు. దసరా సెలవులు ముగిసిన మఱుదినమే. లారీ కదలిన పిమ్మట తెఱచిన వసతిగృహము పంట కోసిన పిమ్మట కురిసిన వాన వంటిది. అట్లే గ్రామములలో కూలి చూపు ప్రభుత్వపు పనులను వేసవికై దాచియుంచక కార్తీకముననే మొదలిడినచో కొన్ని కుటుంబములైనను కదలక నిలుచును. మండలపు పందెములను దసరాకు ముందుగనే ముగించి, గెలిచిన జట్ల పిల్లల పేరులను వసతిగృహముల వారికి మొదట అందజేయుట విద్యాధికారుల చేతిలోని పని. దానికి ప్రత్యేక ద్రవ్యము కూడ నక్కఱలేదు.

ఆటలే కఱవును తొలగించునని మే మనుట లేదు. నీరు రావలెను, పని దొరకవలెను, కూలి పెరుగవలెను. అవి వచ్చువఱకు పిల్లల బాల్యము వేచియుండదు. పదునాలుగేం డ్లొకసారియే నిండును.

ఈ కార్తీకమున కౌతాళపు పెద్దలు సాయంకాలమున బడివైపు నడచి ఒక్క లెక్క చూడవలెనని మా ప్రార్థన. పద్దులు, రిజిస్టర్లు చూడ నక్కఱలేదు. వలకు ఈ ప్రక్క ఆఱుగురు, ఆ ప్రక్క ఆఱుగురు నిలిచియున్నారా యని చూచిన చాలును. ఒక చోటు ఖాళీగా నున్నచో, ఆ పిల్ల యెవరి బిడ్డయో, ఏ చేలో నున్నదో విచారించి వెనుకకు రప్పించువఱకు ఊరివారు నిదురింపరాదు.