పద్యం నడకలోనూ అర్థం ఉంది

మన బడుల్లో పద్యాన్ని రెండు ముక్కలు చేసి నేర్పుతున్నాం. ప్రతిపదార్థం, భావం ఒక ప్రశ్న. గురులఘువులు, గణవిభజన మరో ప్రశ్న. ఈ రెండింటికీ ఉన్న సంబంధమేమిటని మాత్రం అడగం. అందుకే పిల్లలకు ఛందస్సు వట్టి లెక్కగా, భావం వట్టి నీతివాక్యంగా మిగిలిపోతున్నాయి. మంచి పద్యం చెప్పేదాంట్లో చాలా భాగం దాని నడకలోనే ఉంటుంది. దాన్ని వదిలేసి భావం చెప్పడం పద్యానికి అన్యాయం చేయడమే.

ఉప్పునూ కర్పూరాన్నీ పోల్చిన వేమన పద్యాన్నే తీసుకోండి. అది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, వాటి వెంట రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణానికి మూడు మాత్రలు, ఇంద్రగణానికి నాలుగో ఐదో. అంటే బేసి పాదాల చివర నడక సాగుతుంది. మొదటి పాదంలో అలా సాగే చోట, రెండూ ఒకేలా ఉంటాయన్న మాట పడింది. మూడో పాదంలో సరిగ్గా అదే చోట ‘వేరు’ అన్న తీర్పు పడింది. పోలికా భేదమూ ఒకే స్థానంలో ఎదురెదురుగా నిలిచాయి. యతి ఇంకా లోతైన పని చేసింది. మూడో పాదం ‘పురుషులు’ అనే మాటతో మొదలవుతుంది. యతిస్థానమైన నాలుగో గణంలో మళ్లీ అదే మాట. శబ్దం ఒకటే, మనుషులు వేరు. పైకి ఒకటిగా కనిపించేవి లోపల వేరన్న భావం ఇక్కడ చెవికే తెలుస్తుంది.

వేమన గణాలు లెక్కపెట్టుకుని చెప్పాడా అని ఎవరైనా అడగవచ్చు. ఆ నడక చెవిలో నిలిచిన కవికి లెక్కతో పనిలేదు. తగిన మాట తగిన చోట పడుతుంది. అన్ని పద్యాల్లోనూ ఇలా కుదురుతుందా అంటే, కుదరదు. యతి కోసం తెచ్చిపెట్టిన మాటలు, గణం నింపడానికి వేసిన వ్యర్థపదాలు ఉన్న పద్యాలు కొల్లలు. మేలైన పద్యమేదో, మామూలు పద్యమేదో తేల్చేది ఈ పరిశీలనే. విడదీసి చూస్తే రసం పోతుందన్న భయమూ ఉంది. ప్రయోజనం చెప్పకుండా చేయించే గణవిభజనతో రసం పోయేమాట నిజమే. కారణం వెతికే విశ్లేషణ మాత్రం పాఠకుణ్ని మళ్లీ పద్యం దగ్గరికే తీసుకొస్తుంది.

తెలుగు ఉపాధ్యాయులకూ ప్రశ్నపత్రాలు తయారుచేసేవారికీ నా విన్నపం ఒక్కటే. గణవిభజన చేయించండి, భావం రాయించండి. ఆ తర్వాత, ఈ మాట ఈ చోటే ఎందుకు పడిందని కూడా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన పిల్లలకు పద్యం బట్టీ పట్టాల్సిన పనే ఉండదు.