రాజీనామా కాగితం మీద సంతకం పెట్టొద్దు

జీడిమెట్లలోనో, పటాన్‌చెరులోనో ఒక కార్ఖాన. పొద్దున షిఫ్టుకు పోయిన కార్మికుణ్ణి గేటు దగ్గరే ఆపుతారు. ఆర్డర్లు లేవు, ఇక రావద్దంటారు. లెక్క తేల్చుతామని లోపలికి పిలిచి ఒక కాగితం ముందు పెడతారు. 'నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను' అని అప్పటికే టైపు చేసి ఉంటుంది. ఆ నెల జీతం చేతికి రావాలంటే సంతకం పెట్టాలి. ఇంట్ల పిల్లల ఫీజు, కిరాయి యాదికొచ్చి పెట్టేస్తాడు. ఆ ఒక్క సంతకంతో కొలువుతో పాటు, కొలువు పోయినోడికి రావాల్సిన పైసలూ పోతాయి.

కొలువు పోతే భృతి ఇచ్చే ఏర్పాటు ఈ దేశంలో ఉన్నదని ఎంతమందికి తెలుసు? ఈఎస్‌ఐ అంటే దవాఖానా, మందులు అనే మనకు తెలుసు. 2005 ఏప్రిల్ నుంచి రాజీవ్‌గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన ఉన్నది. అది ఫ్యాక్టరీ మూతబడ్డవారికి, రిట్రెంచ్‌మెంట్‌కు గురైనవారికి ఉద్దేశించింది. 2018 జూలై నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. మొదట రోజు వేతనంలో నాలుగో వంతు, 90 రోజుల దాకా ఇస్తామన్నారు. 2020లో కరోనా లాక్‌డౌన్ కోట్ల మందిని రోడ్డున పడేసినంక సగానికి పెంచారు. నెలకు 15 వేల జీతమున్న మనిషికి సగం లెక్కన మూడు నెలలకు 22,500 రూపాయలు. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపగలిగే మొత్తం.

ఇది సర్కారు పెట్టే బిచ్చం కాదు. ఆ 15 వేల జీతంలో నెలనెలా 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు కార్మికుడి నుంచి కోసుకుంటారు. యాజమాన్యం 3.25 శాతం కట్టాలి. రెండూ కలిస్తే నెలకు 600. మన చెమట పైసల నుంచి మనకు రావాల్సిన వాటాను అడుగుతున్నాం, అంతే.

అడిగే పద్ధతి తెలుసుకోవాలె. కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ కింద పనిచేసి ఉండాలి. 2020 సడలింపు ప్రకారం, కొలువు పోకముందటి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు, దానికి ముందటి మూడు కాలాల్లో ఏదో ఒకదానిలో 78 రోజులకు చందా జమై ఉండాలి. పని పోయిన 30 రోజులకు దరఖాస్తు చేసుకోవచ్చు. యజమాని సంతకం కోసం గేటు ముందు పడిగాపులు పడనక్కర లేదు. ఈఎస్‌ఐ వెబ్‌సైటులోనో, బ్రాంచి ఆఫీసులోనో నేరుగా పెట్టుకోవచ్చు. అఫిడవిట్ షరతునూ అదే ఏడు నవంబరులో ఎత్తేశారు. ఆధార్, బ్యాంకు ఖాతా కాగితాలు కావాలి. ఆధార్‌లో, ఈఎస్‌ఐ రికార్డులో పేరు, పుట్టిన తేదీ ఒకేతీరుగ ఉన్నయో లేదో కొలువు ఉన్నప్పుడే చూసుకోవాలి. జీవితంలో ఈ భృతి 90 రోజులకు మించి రాదు.

అసలు మెలిక ఇక్కడున్నది. తనంత తాను మానేసినోడికి, క్రమశిక్షణ చర్య కింద తొలగించినోడికి ఇది రాదు. అందుకే యాజమాన్యాలు రాజీనామా రాయించుకుంటాయి. రిట్రెంచ్‌మెంట్ అని ఒప్పుకుంటే నెల నోటీసు, ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున పరిహారం కట్టాలి కదా! సంతకం పెడితే అటు పరిహారమూ పోయె, ఇటు భృతీ పోయె. కాబట్టి తొలగింపు ఉత్తరం అడగండి. ఇవ్వకుంటే రావద్దన్న తేదీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి. జీతం చీటీలు పారెయ్యకండి.

ఇక పథకంలోనే పెద్ద చిల్లి ఉన్నది. 2017లో పెట్టిన 21 వేల వేతన పరిమితి దాటితే ఈఎస్‌ఐ వర్తించదు. ఐటీ కంపెనీ ఒక్క ఈ-మెయిల్‌తో ఇంటికి పంపిన మన పిల్లలు అటువంటివారే. బండి మీద అన్నం పొట్లాలు మోసే డెలివరీ కుర్రాళ్లకూ ఈ భృతి లేదు.

నియామకాల కోసం కొట్లాడినోళ్లం మనం. వరంగల్ ఆజంజాహి మిల్లు పోయింది. రాష్ట్రం వచ్చిన 2014లోనే సిర్పూర్ కాగజ్‌నగర్ పేపరు మిల్లు ఆగి 2018 దాకా తెరుచుకోలేదు. 2015లో బోధన్ నిజాం షుగర్స్ మూతబడింది. కొలువు ఇప్పించుమని అడిగినంత గట్టిగా, కొలువు పోయిననాడు బతుకు నిలబెట్టుమని మనం ఎన్నడైనా అడిగినమా?

ఇప్పుడడుగుదాం. సగం వేతనం భృతిని సడలింపుల గడువులతో కాకుండా చట్టంలోనే హక్కుగా రాయాలి. వేతన పరిమితిని పెంచాలి. బలవంతపు రాజీనామాను తొలగింపుగానే లెక్కించాలి. ప్రతి కార్ఖాన గేటు మీద ఈ పథకం వివరాలు తెలుగులో రాసి పెట్టాలి.

అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. విద్యార్థి మిత్రులు సెలవు రోజు ఒక బస్తీకి పోయి పది దరఖాస్తులు నింపాలి. ఉద్యోగ సంఘాలు తమ ఆఫీసుల్లో పనిచేసే కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అన్నలు, అక్కల ఈఎస్‌ఐ చందా నిజంగా జమవుతున్నదో లేదో చూడాలి. ఒక్కమాట మాత్రం ప్రతి కార్మికుడి చెవిలో పడేలా చెప్పాలి: వాళ్లు తీసేస్తే తీసేసినమని వాళ్లనే రాయనియ్యి, నువ్వు మానుకున్ననని రాయకు.