రేకు దొరికితే చాలు, జపాన్ విమానమేనా?

ఏప్రిల్ వచ్చిందంటే విశాఖలో ఓ పాత కథ మళ్లీ మొదలవుతుంది. పెర్ల్ హార్బర్‌ను తగలబెట్టిన జపాన్ దళమే మన రేవు మీదా బాంబులేసిందట, వచ్చిన విమానాల్లో ఒకటి కొండల్లో కూలిందట. 1942 ఏప్రిల్ 6న బాంబులు పడ్డ మాట నిజం. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. మిగతాదే నిలవదు.

పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లింది అడ్మిరల్ నగుమో దళం. అది ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద విరుచుకుపడింది. మన తీరానికొచ్చింది వేరే దళం: అడ్మిరల్ ఒజావా నడిపిన క్రూయిజర్లు, వాటి వెంట ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక. పెర్ల్ హార్బర్ దాడి జరిగినప్పుడు ర్యూజో ఫిలిప్పీన్స్‌లో దవావో మీద పడింది, హవాయి మొహమే చూడలేదు. ఇటు పంపింది కూడా ముఖ్యంగా బంగాళాఖాతంలో సరుకు ఓడలను ముంచడానికి. అయినా ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. అంత భయం పడ్డ ఊళ్లో కథ పెరగడంలో వింత లేదు.

అసలు పేచీ కూలిన విమానం దగ్గర. ఓడ మీది జపాన్ విమానాలు ఇక్కడికొచ్చింది ఆ ఒక్క రోజే. తర్వాత యుద్ధం ముగిసేదాకా, మూడేళ్ల పైచిలుకు, ఈ ఆకాశంలో తిరిగినవి దాదాపు అన్నీ మన వైపువే. భారత వైమానిక దళం ఆరో తీరరక్షణ ఫ్లైట్ ఇక్కడే ఉండేది, కాలం చెల్లిన వాపిటీ విమానాలతో. గన్నవరంలో, దొనకొండలో కూడా యుద్ధకాలపు రన్‌వేలున్నాయి. విమానం కూలడానికి శత్రువే అక్కర్లేదు. మబ్బులు, మొరాయించిన ఇంజిన్, శిక్షణలో తప్పిదం చాలు. 1945 జూలై 26న ఒడిశాలోని అమర్దా రోడ్డు దగ్గర రెండు లిబరేటర్ బాంబర్లు గాల్లోనే ఢీకొన్నాయి. రెండూ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌వే.

కాబట్టి చేలో రేకు దొరికితే పేరు పెట్టే ముందు తిప్పి చూడాలి. కిరీటం గుర్తు, దాని కింద ఏ.ఎం. అనే అక్షరాలు ఉంటే అది బ్రిటిష్ ఎయిర్ మినిస్ట్రీ సొత్తు. పార్ట్ నంబరు ఉంటే విమానం రకమే తేలవచ్చు. కొందరు చింతపండు పెట్టి తళతళా తోమి మరీ చూపిస్తారు. మట్టితో పాటు ముద్రా పోతుంది! బాంబులా కనిపించేదాని జోలికి మాత్రం పోకుండా పోలీసులకు చెప్పాలి.

‘విశాఖ పాత ఎయిర్‌ఫీల్డ్ నేవీ చేతిలో ఉంది, ఇక ఏం వెతుకుతాం?’ అనేది మరో సాకు. అది ఇప్పుడు ఐఎన్‌ఎస్ డేగా, నిజమే. స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు మాత్రం లండన్‌లో, క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘ఎయిర్ 27’ వరసలో ఉన్నాయి. దక్షిణ, తూర్పు భారతంలో చెదిరి ఉన్న సైనికుల సమాధులెన్నిటినో మద్రాస్ వార్ సిమెట్రీకి చేర్చారు. సమాధి లేని వైమానికుల పేర్లు సింగపూర్ స్మారకం మీద చెక్కారు. వీళ్లలో చాలామంది గురించిన నమోదుల్లో తేదీ, స్క్వాడ్రన్ ఉంటాయి. ఆ రెండూ పట్టుకుని స్క్వాడ్రన్ రికార్డు తెరిస్తే విమానం ఎక్కడ లేచిందో, ఎటు వెళ్లిందో చాలాసార్లు దొరుకుతుంది. కొండల్లో జపాన్ విమానం కూలిందనేవాళ్లు ఇలాంటి ఒక్క కాగితం చూపించమనండి.